కుండలపై బొమ్మలు వేసే అభిరుచిని పార్ట్‌టైమ్ వ్యాపారంగా మార్చుకోవడం ఎలా?

మట్టికుండలపై, ప్రమిదలపై, పూలకుండీలపై రంగులు వేసే అలవాటు ఉన్నవారు నెల్లూరు, కావలి, ఒంగోలు వంటి పట్టణాల్లో చాలామందే కనిపిస్తారు. ఉద్యోగమో ఇంటిపనో వదలకుండా, సాయంత్రాలు, ఆదివారాల్లో చేసే ఈ పనిని అమ్మకం దాకా ఎలా తీసుకెళ్లాలని వారు తరచుగా అడుగుతుంటారు. చేయి బాగా తిరిగినవారు సైతం బొమ్మ వేయడంలో కంటే కుండను సిద్ధం చేయడంలోనూ, తమ గంటలకు లెక్క కట్టడంలోనూ తడబడుతుంటారు. మన ఇంటి షోకేసులో రంగు రాలితే మళ్లీ అద్దుకుంటాం. డబ్బిచ్చి కొన్నవారి ఇంట్లో రాలితే ఆ ఇంటితోపాటు వారి చుట్టపక్కాల ఆర్డర్లు కూడా పోతాయి. అందువల్ల ఈ మార్గదర్శిలో ఆ రెండు విషయాలకే ఎక్కువ చోటు ఇచ్చాను.

1. ఏవి చేయాలో, ఏవి చేయకూడదో ముందే తేల్చుకోవాలి

మొదటి ఆరు నెలల్లో మూడు రకాల వస్తువులకు, ఒక్కో రకంలో రెండు కొలతలకు మించి పెట్టుకోవద్దు. రకాలు పెరిగేకొద్దీ కుండల నిల్వ, పెట్టెల కొలతలు, ధరల పట్టిక అన్నీ పెరుగుతాయి. మన ప్రాంతంలో సులువుగా అడిగేవారు దొరికే వస్తువులు ఇవి:

- షోకేసులో, గుమ్మం పక్కన పెట్టుకునే అలంకార కుండలు, కూజాలు
- పెళ్లిళ్లకు వాడే అరివేణి కుండలు
- పేరంటాలకు, సీమంతాలకు, గృహప్రవేశాలకు పంచే పసుపు కుంకుమ గురుగులు
- దీపావళికి, కార్తీక మాసానికి ప్రమిదలు

తాగునీటి కుండకు రంగు వేసి అమ్మవద్దు. మట్టికుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు బయటికి ఊరి, ఆవిరవుతూ వేడిని తీసుకుపోవడం వల్లనే లోపలి నీరు చల్లబడుతుంది. బయట రంగు, వార్నిష్ పూస్తే ఆ రంధ్రాలు మూసుకుపోయి కుండ పని చేయడం మానేస్తుంది. పైగా లోపలి తేమ బయటికి నెట్టడంతో రంగు పొక్కులు లేస్తుంది. వంట చట్టి, పెరుగు ముంత వంటి వాటికి లోపలి వైపునా, అంచుపైనా అక్రిలిక్ రంగు తగలకూడదు. అలంకారానికి మాత్రమే అన్న చీటీ ప్రతి కుండ అడుగునా అంటించాలి.

పింగాణీ మగ్గులు, ప్లేట్ల జోలికి మొదటి ఏడాది వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం. వాటికి వేరే రంగులు కావాలి, ఆ రంగులను ఓవెన్‌లో 150 డిగ్రీల దగ్గర కాల్చాలి. మామూలు అక్రిలిక్ వేసిన మగ్గు కొద్ది రోజుల తోముడుకే తెల్లబడుతుంది.

2. గంటలను, స్థలాన్ని సర్దుకోవాలి

వారానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు నికరంగా దొరికితే ఈ పని సాగుతుంది. ఒక కుండను మొదలుపెట్టి పూర్తి చేసి మరొకటి అందుకునే పద్ధతి అభిరుచికి సరిపోతుంది కానీ అమ్మకానికి సరిపోదు. పది, పన్నెండు కుండలను ఒక జట్టుగా తీసుకుని, ఒక సాయంత్రం అన్నింటినీ రుద్దడం, మరో సాయంత్రం అన్నింటికీ ప్రైమర్ (రంగు పట్టుకోవడానికి ముందుగా వేసే పూత) వేయడం, ఆదివారం ఉదయం అన్నింటిపైనా ఒకే రంగును వరుసగా నింపడం అలవాటు చేసుకోవాలి. ఒక కుండ ఆరేలోపు మరొకటి చేతికి వస్తుంది, బ్రష్షు కడిగే సమయమూ మిగులుతుంది.

కుండలను రుద్దేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది; అది ఊపిరితిత్తులకు మంచిది కాదు. వంటింట్లో, పిల్లలు తిరిగే గదిలో రుద్దవద్దు. మాస్కు పెట్టుకుని వరండాలో పని చేసి, దుమ్మును చీపురుతో ఊడ్వకుండా తడిగుడ్డతో తుడవాలి.

3. కుండలను కుమ్మరి దగ్గరే చూసి కొనాలి

రోడ్డు పక్కన అమ్మే కుండల్లో చాలావాటికి ఎర్రదనం కోసం కావి పూసి ఉంటారు. ఆ పూత చేతికి అంటుతుంది. దానిపై వేసిన ప్రైమర్ కుండను కాక ఆ పొడిని పట్టుకుంటుంది, కొన్నాళ్లకు పొరగా ఊడి వస్తుంది. అందువల్ల కుమ్మరి ఇంటికి వెళ్లి, కావి పూయని కుండలు కావాలని ముందుగా చెప్పి చేయించుకోవాలి. నోటి వెడల్పు, ఎత్తు, అడుగు వెడల్పు కొలతలు కాగితంపై రాసి ఇస్తే, చేత్తో చేసేవి కనుక కొద్ది తేడా వచ్చినా, పెట్టెలో పట్టని కుండ మాత్రం రాదు.

కొనేటప్పుడు చూడవలసినవి:

- వేలి కణుపుతో తడితే ఖంగుమనాలి. బొత్తిగా మూగగా శబ్దం వస్తే ఎక్కడో బీట ఉందనో, ఆవంలో (కుండలు కాల్చే బట్టీలో) సరిగా కాలలేదనో అర్థం.
- బల్లపై పెడితే ఊగకూడదు. అడుగు గుండ్రంగా ఉన్న కుండకు కుదురు కూడా చేయించుకోవాలి.
- అంచు చుట్టూ గోరుతో గీసి చూడాలి. మట్టి పొడిగా రాలితే తిరిగి ఇచ్చేయాలి.
- ప్రతి ఆవం నుంచి ఒక పెంకు తెచ్చుకుని రాత్రంతా నీటిలో ఉంచాలి. ఉదయానికి మెత్తబడితే ఆ ఆవం సరుకు కొనవద్దు.
- గోడలో తెల్లని సున్నపు గింజలు కనిపిస్తే వదిలేయాలి. అవి తేమ పీల్చి ఉబ్బి, నెలల తర్వాత కూడా పెచ్చు లేపుతాయి.

ధర దగ్గర గీచిగీచి బేరమాడటం ఈ వ్యాపారంలో నష్టం. మీ కోసం కావి పూయకుండా, కొలతకు చేసి, పగుళ్లు ఏరి ఇచ్చే మనిషి దొరకడం కుండకు పది రూపాయలు మిగలడం కంటే విలువైనది. కుండలు తెచ్చుకునేటప్పుడు ఆటోలో వరిగడ్డి పరిపించి, నోళ్లు పైకి ఉండేలా సర్దించాలి. నెల్లూరు వైపు గడ్డికి, ఊకకు కొరత ఉండదు.

4. కుండను సిద్ధం చేయడం

ఈ భాగాన్ని తొందరపడకుండా చదవండి. రంగు రాలడం, పొక్కులు లేవడం, తెల్లమచ్చలు రావడం వంటి ఫిర్యాదుల్లో చాలావరకు ఇక్కడే పుడతాయి.

4.1. కడగడం. కుండను మంచినీటిలో కొన్ని గంటలు నానబెట్టి, గట్టి కుచ్చు బ్రష్షుతో లోపలా బయటా రుద్ది కడగాలి. సబ్బు వాడవద్దు, మట్టి దాన్ని పీల్చుకుంటుంది. ఉప్పదనం ఉన్న బోరునీటితో కడిగితే ఆ ఉప్పు కూడా కుండలోకే పోతుంది. కనిగిరి వంటి మెట్ట ప్రాంతంలోనూ, సముద్రానికి దగ్గరి ఊళ్లలోనూ ఉండేవారు చివరి కడుగుకైనా వాననీటినో ఫిల్టరు నీటినో వాడాలి.

4.2. ఉప్పు తేలుతుందేమో చూడటం. కడిగిన కుండ ఆరుతున్నప్పుడు పైన తెల్లని బూడిద వంటి పొర వస్తే అది మట్టిలోని, నీటిలోని ఉప్పు. దాన్ని తడిగుడ్డతో తుడిస్తే మళ్లీ లోపలికే పోతుంది. పొడి బ్రష్షుతో రాల్చాలి. తర్వాత రోజంతా మంచినీటిలో నానబెట్టి, నీరు మార్చి, మళ్లీ ఆరబెట్టాలి. రెండుసార్లు చేసినా పొర తిరిగి వస్తే ఆ కుండను రంగులకు వాడకుండా మొక్కకు వదిలేయండి. ప్రైమర్ వేస్తే ఉప్పు అణగుతుందని కొందరు అనుకుంటారు. అది ప్రైమర్‌నే లేపుకుని బయటికి వస్తుంది.

4.3. ఆరబెట్టడం. కుండ పైకి పొడిగా కనిపించినా గోడ మధ్యలో తేమ ఉంటుంది. వేసవిలో రెండు మూడు రోజుల ఎండ సరిపోవచ్చు, అక్టోబరు తర్వాత వారం దాటినా చాలకపోవచ్చు. కనుక రోజులను నమ్మకుండా తూకాన్ని నమ్మాలి. జట్టులో ఒక కుండను వంటింటి త్రాసులో రోజూ ఒకే వేళకు తూచి, వరుసగా రెండు రోజులు బరువు మారకపోతే ఆరిందని లెక్క. త్రాసు లేనివారు కుండ నోటికి ప్లాస్టిక్ కాగితం బిగించి రాత్రంతా ఉంచితే, లోపల తేమ ఉంటే ఉదయానికి కాగితం అడుగున చెమ్మ పడుతుంది.

4.4. రుద్దడం. ముందు 120 నంబరు ఎమరీ పేపరుతో గడ్డలు, సారె (కుమ్మరి చక్రం) గీతలు తగ్గించి, తర్వాత 220 నంబరుతో నునుపు చేయాలి. అద్దంలా చేయవద్దు, రంగు పట్టుకోవడానికి కొంత గరుకు ఉండాలి. చిన్న గుంటలను అక్రిలిక్ వాల్ పుట్టీతో నింపి, ఆరాక మళ్లీ రుద్దాలి. బీటను మాత్రం పుట్టీతో కప్పి అమ్మవద్దు.

4.5. ప్రైమర్. నీటితో కలిపే అక్రిలిక్ ప్రైమర్ మొదటి పూతను సగానికి సగం నీటితో పల్చన చేసి వేయాలి. అది మట్టిలోకి ఇంకి పట్టు ఇస్తుంది. నాలుగైదు గంటల తర్వాత రెండో పూత చిక్కగా వేయాలి. బొమ్మ అడుగున తెల్లని పూత అక్కర్లేని, మట్టి రంగు కనిపించాల్సిన డిజైన్లకు ప్రైమర్ బదులు పల్చని పారదర్శక అక్రిలిక్ మీడియం వేసుకోవచ్చు. లోపలి వైపు అంచు నుంచి రెండు వేళ్ల వెడల్పు వరకే పూత ఉండాలి. మిగతా లోపలి భాగం ఖాళీగా ఉంటే, మిగిలిన తేమ అటువైపు నుంచి పోతుంది.

5. రంగులు, డిజైన్లు

క్యామ్లిన్, ఫెవిక్రిల్ వంటి కంపెనీల అక్రిలిక్ రంగులు పట్టణాల్లోని పెద్ద స్టేషనరీ దుకాణాల్లో దొరుకుతాయి. పోస్టర్ కలర్లు వాడవద్దు. అవి ఆరాక కూడా నీటికి కరిగి, వార్నిష్ తగలగానే పారుతాయి. ఎనామిల్ పెయింటు మెరిసినా వాసన పోవడానికి చాలా రోజులు పడుతుంది, తెలుపు కాలక్రమేణా పసుపు తిరుగుతుంది.

రంగును ఒకేసారి మందంగా కాకుండా రెండు మూడు పల్చని పూతలుగా వేయాలి. మొదట బొమ్మ వెనుక నిండే నేల రంగు, తర్వాత పెద్ద ఆకారాలు, ఆపై గీతలు, చివర చుక్కలు. ఏప్రిల్, మే నెలల్లో ఒంగోలు ఎండకు రంగు బ్రష్షు మీదే గట్టిపడుతుంది కనుక ఉదయం తొమ్మిది లోపు, ఫ్యాను ఆపి పని చేయడం మంచిది.

ఒకే డిజైన్‌ను మళ్లీ మళ్లీ చేయగలగాలి. అరచేతి వెడల్పు అంచు డిజైన్లు నాలుగు, మధ్య బొమ్మలు నాలుగు సిద్ధం చేసుకుంటే, వాటి కలయికలతోనే పదహారు రకాలు చూపించవచ్చు. చుక్కల ముగ్గులు, మెలికల ముగ్గులు కుండ చుట్టుకొలతకు చక్కగా ఒదుగుతాయి. వాటిని ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోనక్కర్లేదు. ఒంగోలు గిత్త బొమ్మకు ఊరు వదిలి హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటున్నవారు ప్రత్యేకంగా ధర పెడతారు. దేవుడి బొమ్మ వేసే ముందు ఆ వస్తువు ఎక్కడ ఉంటుందో ఆలోచించాలి: నేల మీద పెట్టే కుండీపై లక్ష్మీదేవి ఉంటే చాలామంది కొనరు, కొన్నవారు ఎక్కడ పెట్టాలో తెలియక ఇబ్బంది పడతారు. ఇంటర్నెట్‌లో దొరికిన ఇతర చిత్రకారుల పనిని యథాతథంగా దించడం, కార్టూన్ పాత్రలను వేసి అమ్మడం హక్కుల చిక్కులు తెస్తాయి.

6. పై పూత

బొమ్మ పూర్తయ్యాక కనీసం ఒక రోజు, వానాకాలంలో మూడు రోజులు ఆగి, నీటితో కలిసే అక్రిలిక్ వార్నిష్ రెండు పల్చని పూతలు వేయాలి. మబ్బు పట్టిన రోజున, ముఖ్యంగా స్ప్రే వార్నిష్ కొట్టవద్దు. గాలిలోని తేమ వల్ల పూత పాలు కారినట్టు తెల్లబడుతుంది. అలా అయితే ఎండ వచ్చిన రోజు దాకా ఆగి, పైన మరో పల్చని పూత వేసి చూడాలి, చాలావరకు తేటబడుతుంది.

వార్నిష్ వేసిన కుండలను వారం రోజులు ఒకదానికొకటి తగలకుండా అరపై ఉంచాలి. ముట్టుకుంటే ఆరినట్టు ఉన్నా లోపల గట్టిపడటానికి సమయం పడుతుంది, ఈలోపు చుట్టిన కాగితం అతుక్కుంటుంది.

ప్రమిదలకు వేరే జాగ్రత్త కావాలి. నూనె మట్టిలోకి ఇంకి వెనుక నుంచి రంగును వదులు చేస్తుంది కనుక నూనె ప్రమిదకు బయటి వైపు మాత్రమే రంగు వేసి, ఒత్తి ఉండే ముక్కు దగ్గర వేలి వెడల్పు ఖాళీ వదలాలి. నిండా రంగులద్దిన ప్రమిదలను, రేకు గిన్నెతో వచ్చే చిన్న కొవ్వొత్తి పట్టే కొలతలో చేయించి అమ్మితే ఈ సమస్యే రాదు.

పూలకుండీ అడిగితే లోపల రెండు పూతలు వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయాలి, అడుగు రంధ్రం మూయకూడదు. ఇంకా తేలిక మార్గం, మొక్కను దాని ప్లాస్టిక్ కుండీతో సహా లోపల దించుకునే పై కుండీగా అమ్మడం. నేను దీన్నే సిఫారసు చేస్తాను.

7. అమ్మకానికి ముందు పరీక్షలు, తప్పుల సవరణ

ప్రతి జట్టు నుంచి ఒక కుండను పరీక్షకు వదులుకోవాలి. దాని అడుగు దగ్గర బ్లేడుతో అడ్డంగా, నిలువుగా సన్నని గీతలు గీసి, సెల్లోటేపు గట్టిగా అంటించి ఒక్కసారి లాగాలి. టేపుకు రంగు ముక్కలు వస్తే ఆ జట్టు అమ్మకానికి పనికిరాదు. తర్వాత తడిగుడ్డతో ఇరవై సార్లు తుడవాలి, ఒక పూట ఎండలో ఉంచాలి.

- టేపుకు మట్టి పొడితో సహా రంగు వచ్చింది: కావి పూతో, దుమ్మో మిగిలింది. మిగతా కుండలను మొదటి నుంచి రుద్దాలి.
- పొక్కులు లేచాయి: గోడలో తేమ ఉంది. రంగు గీకి, తూకం నిలకడ అయ్యే దాకా ఆరబెట్టాలి.
- రంగు బీటలు వారింది: పూత మందమైంది, లేదా కింది పూత ఆరకముందే పైది వేశారు.
- గుడ్డకు రంగు అంటింది: వార్నిష్ పట్టలేదు, లేదా రంగు అక్రిలిక్ కాదు.
- గీతలు అల్లుకుపోయాయి: ప్రైమర్ చాలలేదు, మట్టి రంగును పీల్చింది.

8. ధర కట్టడం

చాలామంది కుండ ధరను, రంగు ధరను కూడి, పైన నూరు రూపాయలు వేసి అమ్ముతారు. ఆ నూరు రూపాయలు లాభమా, కూలీయా అన్నది తేలదు. ఒక మధ్యరకం కుండకు లెక్క ఇలా ఉండవచ్చు. అంకెలు ఉదాహరణకు మాత్రమే, మీవి మీరు వేసుకోవాలి.

కుండ 80 రూపాయలు, ఆటో ఖర్చూ పగిలిన కుండల వాటా కలిపి 12, ఎమరీ పేపరు, ప్రైమర్ 15, రంగులు 25, వార్నిష్ 18. సామగ్రి మొత్తం 150. మూడు గంటల పనికి గంటకు 80 చొప్పున 240. ప్యాకింగ్ 40. ఇప్పటికి 430. బ్రష్షుల అరుగుదల, కరెంటు, ఫోను వంటి వాటికి పది శాతం, అంటే 43 కలిపితే 473. దానిపై 20 శాతం లాభం వేస్తే సుమారు 568. ఇది మీరు నేరుగా అమ్మే ధర. దుకాణంలో పెట్టి అమ్మితే వారు 30 శాతం కమీషను తీసుకుంటారనుకుంటే, మీ చేతికి 568 రావాలంటే అక్కడ సుమారు 811 రూపాయల చీటీ ఉండాలి.

ఆ ధరకు కొనేవారు లేరనిపిస్తే కూలీని తగ్గించుకోవద్దు, గంటలను తగ్గించండి. అదే కుండను జట్టు పద్ధతిలో, సులువైన అంచు డిజైన్‌తో గంటంబావులో ముగించగలిగితే కూలీ 100 అవుతుంది. మొత్తం 290, పది శాతంతో 319, లాభంతో 383, దుకాణంలో 547. అంటే ధర తేడా తెచ్చింది రంగులు కావు, గంటలు. అందువల్ల నెల రోజులు ఫోను గడియారం పెట్టుకుని ప్రతి దశకు పట్టిన సమయం రాసుకోకుండా ధర ప్రకటించవద్దు.

బంధువులకు ఉచితంగా ఇవ్వదలిస్తే పూర్తిగా ఉచితంగా ఇవ్వండి. సగం ధరకు ఇచ్చిన కుండ ఆ వీధిలో మీ అసలు ధర అయి కూర్చుంటుంది.

9. మొదటి అమ్మకాలు

మొదటి పది కుండలనైనా మీకు పరిచయం లేనివారికి అమ్మాలన్నది లక్ష్యంగా పెట్టుకోండి. తెలిసినవారు మొహమాటానికి కొంటారు, లోపం కనిపించినా చెప్పరు.

జనం ఎక్కువగా చేరే ప్రతి చోటా కుండలు అమ్ముడుపోవు. నెల్లూరు రొట్టెల పండుగకు దూరాల నుంచి వచ్చినవారు చంటిపిల్లలతో, సామానుతో ఉంటారు, పగిలే వస్తువు మోసుకెళ్లరు. అక్కడికి తీసుకెళ్లదలిస్తే అరచేతిలో పట్టే గురుగులు తప్ప పెద్దవి వద్దు. అపార్టుమెంట్లలో సంక్రాంతి ముగ్గుల పోటీలు, పాఠశాలల ప్రదర్శనలు, కొనుగోలుదారు ఇల్లు పక్కనే ఉండే వారాంతపు మేళాలు దీనికి అనువైనవి. పూలమొక్కల నర్సరీలు, పెళ్లి మండపాలు అలంకరించేవారు, బహుమతుల దుకాణాలు తర్వాతి మెట్టు. డ్వాక్రా సంఘంలో సభ్యత్వం ఉన్నవారు సంఘాల ప్రదర్శనల్లో స్టాలు గురించి తమ ఏపీఎంను (సంఘాల పని చూసే అసిస్టెంట్ ప్రాజెక్టు మేనేజరును) లేదా పట్టణాల్లో మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) సిబ్బందిని అడగవచ్చు.

దుకాణంలో అమ్మకానికి పెడితే ఎన్ని ఇచ్చారు, కమీషను ఎంత, డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారు, అక్కడ పగిలితే నష్టం ఎవరిది అనే నాలుగు విషయాలు కాగితంపై రాసి ఇద్దరూ సంతకం చేయాలి.

ఫొటోలకు ఎండ నేరుగా పడని వరండా చాలు. ప్రతి కుండకు ముందు నుంచి ఒకటి, పై నుంచి ఒకటి, చేత్తో పట్టుకున్నది ఒకటి తీయాలి. చేయి కనిపిస్తే కొలత అర్థమవుతుంది. వాట్సాప్ బిజినెస్‌లో ధరతో సహా పెట్టండి. ధర రాయకుండా మెసేజీ పెట్టమనేవారిని చాలామంది దాటిపోతారు.

10. పెళ్లి, పేరంటం ఆర్డర్లు

పార్ట్‌టైమ్‌గా చేసేవారికి విడి అమ్మకం కంటే ఇదే గిట్టుబాటు, ఎందుకంటే ఒకే డిజైన్, ఒకే తేదీ, ఒకే బేరం.

అరివేణి కుండల విషయంలో ప్రతి ఇంటి ఆచారం వేరు. ఎన్ని కుండలు, ఏ కొలతల్లో, పైన మూకుళ్లు ఉండాలా, సున్నపు తెలుపుపై ఎరుపు, పసుపు రంగులే ఉండాలా అన్నది పెద్దవారిని అడిగి రాసుకోవాలి. శుభకార్యం కనుక నలుపు గీతలు వాడే ముందు తప్పక అడగాలి. చాలా కుటుంబాలు వీటిని కుమ్మరి ఇంటి నుంచి మేళతాళాలతో తెచ్చుకుంటాయి. ఆ ఇంటివారికి దక్కే కట్నకానుకలకు మీరు అడ్డు రాకుండా, కుమ్మరితో కలిసి పని చేసి, రంగుల కూలీ మాత్రం తీసుకోవడం మర్యాదా, తెలివీ రెండూను.

గురుగుల వంటి పెద్ద ఆర్డర్లకు పాటించవలసిన క్రమం:

- ఒక నమూనా చేసి చేతికిచ్చి చూపించాలి. ఫోనులో రంగు వేరుగా కనిపిస్తుంది.
- పేర్లు, తేదీ రాయాల్సి ఉంటే వారి చేతే తెలుగులో రాయించుకోవాలి.
- సగం డబ్బు ముందుగా తీసుకున్నాకే కుండలు కొనాలి.
- వందకు పది చొప్పున అదనంగా చేసి ఉంచుకోవాలి.
- వేడుకకు మూడు రోజుల ముందే అందించి, అక్కడే లెక్కపెట్టించి మిగతా సొమ్ము తీసుకోవాలి.

మీ వారపు గంటలతో భాగించి చూసి, సమయం చాలదనిపిస్తే ఆర్డరు వద్దని చెప్పడమే నయం. పెళ్లి తేదీ వాయిదా పడదు.

11. ప్యాకింగ్, రవాణా

రంగు వేసిన కుండను నేరుగా వార్తాపత్రికలో చుడితే సిరా అంటుతుంది, బబుల్ కవరులో చుడితే ఎండకు బుడగల అచ్చులు పడతాయి. ముందు బటర్ పేపరు, దానిపై బబుల్ కవరు చుట్టి, కుండ లోపల నలిపిన కాగితం కూరి, చుట్టూ రెండు అంగుళాల ఖాళీ ఉండే అట్టపెట్టెలో అన్ని వైపులా బిగువుగా నింపాలి. దూరప్రాంతాలకు పెట్టెలో పెట్టె వాడాలి. కుదిపితే లోపల కదలకూడదు. మొదటిసారి ఒక పాత కుండను ఇలాగే కట్టి నడుము ఎత్తు నుంచి పడేసి చూడండి. అది బతికితే ఆ పద్ధతినే ఖాయం చేసుకోండి.

గడ్డి, ఊక ఆటోలో తెచ్చుకోవడానికి బాగుంటాయి కానీ పార్సిలులో తేమ, పురుగు చేరతాయి. కావలి, కందుకూరు, ఒంగోలు, విజయవాడ వంటి చోట్లకు ఆర్టీసీ కార్గో వీలుగా ఉంటుంది. పగిలితే ఏం చేస్తారో కొనేవారికి ముందే చెప్పాలి: పెట్టె విప్పుతున్న వీడియో పంపితే కొత్తది ఇస్తామన్న షరతు ఇద్దరికీ న్యాయంగా ఉంటుంది.

12. లెక్కలు, అనుమతులు

ఈ పనికి విడిగా ఒక బ్యాంకు ఖాతా, దానికే ముడిపెట్టిన యూపీఐ క్యూఆర్ కోడ్ ఉండాలి. నోటు పుస్తకంలో తేదీ, ఖర్చు, అమ్మకం, పట్టిన గంటలు, పగిలినవి అనే ఐదు గడులు చాలు.

ప్రభుత్వ ఉద్యోగులకు ప్రవర్తనా నియమావళి ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా వ్యాపారం చేయడం కుదరదు. ఉపాధ్యాయులు, సచివాలయ ఉద్యోగులు ఈ విషయం పై అధికారి దగ్గర రాతపూర్వకంగా తేల్చుకున్నాకే మొదలుపెట్టాలి. ప్రైవేటు ఉద్యోగులు తమ నియామక పత్రం చూసుకోవాలి.

ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల నమోదు) ఆధార్, పాన్‌లతో ప్రభుత్వ వెబ్‌సైటులో ఉచితంగా అవుతుంది. దానికి డబ్బు అడిగే సైట్లను నమ్మవద్దు. సరుకులు మాత్రమే అమ్మేవారికి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాది టర్నోవరు 40 లక్షల రూపాయలు దాటే వరకు సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, శిక్షణ తరగతుల వంటి సేవలు కూడా ఉంటే ఆ పరిమితి 20 లక్షలు. ఇతర రాష్ట్రాలకు పంపడం, ఆన్‌లైన్ అంగళ్లలో పెట్టడం మొదలైతే నిబంధనలు మారతాయి కనుక ఆ మెట్టు దగ్గర ఆడిటరును కలవాలి. ఆదాయపు పన్ను రిటర్నులో జీతంతోపాటు ఈ ఆదాయాన్నీ చూపించాలి.

2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో కుమ్మరి వృత్తి ఉంది. సరదాగా మొదలుపెట్టి కుండలకు రంగులు వేసేవారి కోసం ఉద్దేశించింది కాదది. మీకు కుండలు ఇచ్చే కుమ్మరి ఇంకా చేరకపోయి ఉంటే పరికరాలకు 15,000 రూపాయల సాయం, 5 శాతం వడ్డీతో మొదటి విడత లక్ష రూపాయల వరకు రుణం ఉంటాయని ఆయనకు చెప్పండి. మీ మటుకు మీరు మొదటి ఏడాది అప్పు చేయవద్దు. పన్నెండు కుండల జట్టుకు పెట్టిన డబ్బు తిరిగి వచ్చాకే తర్వాతి జట్టు కొనండి.

13. ఏడాది పని క్రమం

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు వానలు ప్రధానంగా ఈశాన్య రుతుపవనాల వల్ల, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి, తుపాన్లూ అప్పుడే. దీపావళి, కార్తీకం, సంక్రాంతి ముందరి రద్దీ సరిగ్గా ఆ రోజుల్లోనే వస్తాయి. కుండలు ఆరని కాలంలో అమ్మకం, కుండలు ఆరే కాలంలో ఖాళీ. ఈ తేడాను ముందే సర్దుకోవాలి.

మార్చి నుంచి మే వరకు కుండలు కొని, కడిగి, ఆరబెట్టి, ప్రైమర్ వేసి నిల్వ చేయాలి. వేసవి సెలవుల్లో పిల్లలకు తరగతులు చెప్పదలిస్తే అదే సమయం. ఆషాఢం, భాద్రపదం వంటి శూన్యమాసాల్లోనూ, మూఢంలోనూ ముహూర్తాలు ఉండవు కనుక పెళ్లి ఆర్డర్ల ఒత్తిడి లేకుండా ప్రమిదలు, అలంకార కుండలు పూర్తి చేసుకోవచ్చు. శ్రావణంలో పెళ్లిళ్లు, వరలక్ష్మీ వ్రతం పేరంటాలు ఉంటాయి. గురుగుల ఆర్డర్లు ఆషాఢంలోనే ఖాయం చేసుకోవాలి.

సెప్టెంబరు నెలాఖరుకు ప్రమిదలన్నింటికీ వార్నిష్ పడిపోవాలి. సంక్రాంతి కుండలకు రంగులు మిగిలినా ఫరవాలేదు, ప్రైమర్ మాత్రం అప్పటికే వేసి ఉండాలి. వాటిని నేలపై కాకుండా చెక్క బల్లపై, గోడకు జానెడు దూరంలో, నోరు కిందికి పెట్టి ఉంచండి. వాన తెరిపి ఇచ్చిన రోజున నాలుగేసి చొప్పున తీసి రంగులు వేయండి. అక్టోబరు మధ్య నుంచి సంక్రాంతి వెళ్లే దాకా కొత్త కుండలు కొనవద్దు.